కింది అరలోని ఎరుపు

హోటల్ సిబ్బంది గదులు, లాండ్రీ పైన
ఫిబ్రవరి 3

వదినకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఒంట్లో బాగానే ఉంది. ఫోన్లో చెబుదామంటే అన్నయ్య మధ్యలో దూరి వేళాకోళం చేస్తాడు. అందుకే రాస్తున్నాను.

నీతో ఒక పని పడింది. మా హోటల్లో వైన్ విభాగం చూసే పెద్దాయన మే చివరికి దిగిపోతున్నాడు. ఆ పదవికి గుర్తైన నల్లకోటు ఇరవై ఏడేళ్లుగా ఆయనదే. మే నెలలో జరిగే రుచి పరీక్ష నెగ్గితే ఆ కోటు నాది. ఆరు గ్లాసుల్లో ఎర్ర వైన్ పోసి, ఏ సీసాలోదో చెప్పకుండా ముందు పెడతారు. ఏ ద్రాక్ష, ఏ దేశం, ఏ పాటి ధర, అతిథికి ఏమని చెప్పి పోస్తావు, ఇవన్నీ ముప్పావు గంటలో రాయాలి. నెగ్గకపోతే ఇప్పటిలాగే ట్రే పట్టుకుని ఎవరి కోటు వెనకాలో నడవాలి.

అందులో ఆస్ట్రేలియా నుంచి వచ్చే చవకరకం ఎర్ర వైన్లు కూడా పెడతారట. నువ్వు కొట్టులో కింది అర నిండా పేర్చి అమ్ముతావే, అవే. మా హోటల్లో అవి దొరకవు. "జామ్ సీసాకి బిరడా బిగించారు" అని పెద్దాయన వాటిని గడప తొక్కనివ్వడు. నా సంగతి నీకు తెలిసిందే. నాకు చలిప్రాంతాల వైన్లు ఇష్టం. సన్నగా, కాస్త పుల్లగా, ఆలోచించి మాట్లాడే మనిషిలా ఉండాలి. పళ్ల బుట్ట మొహాన గుమ్మరించినట్టుండేవి నాకు పడవు. పరీక్ష కాబట్టి తప్పదు. ఏవైనా ఒక మూడు పంపితే ఓసారి చూసి పక్కన పెడతాను.

నీ మరదలు


సీసాల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 11

ఆడపడుచు గారి సముఖానికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. నా పూర్తి మొగుడు లిఫ్టులు బాగుచేస్తూ ఏ అంతస్తులో వేలాడుతున్నాడో నాకు తెలియదు. అర్ధమొగుడు మాత్రం ఠంచనుగా పని పురమాయించింది!

ఓసారి చూసి పక్కన పెడతావా? సరేనమ్మా, ముక్కు మహారాణీ. పక్కన పెట్టడానికే పంపుతున్నాను. మూడు సీసాలు. మూడూ కింది అరలోవే, మూడూ ఆస్ట్రేలియావే, ద్రాక్ష రకం పేరుతో చెప్పాలంటే ఒకటి షిరాజ్, ఒకటి కేబర్నే, ఒకటి గ్రెనాష్. సీసాల మీది పేర్ల అట్టలు చింపను, నువ్వే చదువుకో. అసలు చదవాల్సింది మెడకు కట్టిన కార్డులు.

ఆ కార్డుల సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నేను ఈ కౌంటరు వెనక నిలబడి ఇరవై రెండేళ్లు. నాకు పుస్తకాలు చదివి వైన్ గురించి చెప్పడం రాదు. ఎవరైనా ఒక సీసా కొని, మళ్లీ అదే కావాలని వస్తే "ఎలా ఉందండీ?" అని అడుగుతాను. వాళ్లు అన్నమాట అన్నట్టే కార్డు మీద రాసి ఆ సీసా మెడకు కడతాను. తర్వాత వచ్చినవాళ్లు అట్ట చూడరు, కార్డు చూస్తారు. మా యజమానికి మొదట్లో ఇది చిన్నతనంగా ఉండేది, ఇప్పుడు ఆయనే దారం కొనుక్కొస్తున్నాడు.

షిరాజ్ మీద మాట బేకరీ ఆయనది: "నేరేడుపళ్లు తిని, పైన మిరియపు గింజ కొరికినట్టుంది. మా ఆవిడతో పోట్లాట సర్దుకుంది." కేబర్నే మీద మాట ప్రసూతి వార్డు నర్సుది: "ఎక్కడో జలుబు మందు వాసన వస్తోంది, అయినా ఇంకో గ్లాసు పోసుకోబుద్ధేస్తోంది." గ్రెనాష్ మీద మాట లెక్కల పంతులమ్మది: "రంగు చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, తాగితే స్ట్రాబెర్రీ తోటలో దొంగతనం చేసి పరుగెత్తుకొచ్చినట్టుంది." ఆవిడ రిటైరైంది కాబట్టి ధైర్యంగా చెప్పింది.

నాకు షిరాజంటే ప్రాణం. మీ అన్నయ్యకి మూడూ ఇచ్చాను. మూడింటికీ "బాగుంది" అన్నాడు. ఆయనకి మంచినీళ్లు కూడా బాగుంటాయి, అందుకే కాపురం నడుస్తోంది.

నీ వదిన


హోటల్ సిబ్బంది గదులు
ఫిబ్రవరి 27

వదినకు,

సీసాలు చేరాయి. కార్డులు చదివి నవ్వుకున్నాను. పరీక్షాధికారికి "మా ఆవిడతో పోట్లాట సర్దుకుంది" అని రాస్తే ఏమంటాడో!

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. రెండు గంటల ముందు బిరడా తీసి, కిటికీ గట్టు మీద పెట్టి, గది వేడికి రానిచ్చి, ఒకదాని తర్వాత ఒకటి రుచి చూశాను. నిజం చెప్పమంటావా? మూడింటికీ తేడా లేదు. ముదురు పాకం. గొంతులో సారా మంట. నీ మిరియం లేదు, స్ట్రాబెర్రీ తోట అసలే లేదు. నీ నర్సుకి ఆ రోజు నిజంగానే జలుబు చేసి ఉంటుంది.

నీ మనసు కష్టపెట్టాలని కాదు. పళ్ల తీపి ముందుకొచ్చి అరిచే వైన్లలో వినడానికి ఇంకేమీ ఉండదు, అంతే. పెద్దాయన చెప్పింది ఇందుకే. నువ్వు చవకలో దొరికేది అమ్మాలి కాబట్టి అలవాటు పడ్డావు. నాకు ఆ అలవాటు లేదు.

ఇంకో మూడు పంపగలవా? కాస్త నయమైనవి ఉంటే చూడు.

నీ మరదలు


సీసాల కొట్టు
మార్చి 6

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ఇంకో మూడు పంపను.

నువ్వు రాసింది చదివి, నేను అవే మూడూ కొట్టులో తెరిచాను. పాడయ్యాయేమో, నీకు చెడ్డ సీసాలు పంపానేమో అని భయం వేసింది. షిరాజ్ మిరియంతో సహా ఉంది. గ్రెనాష్ గ్లాసులో పోయగానే యజమాని దూరం నుంచే "ఏం పళ్లు కోస్తున్నావు?" అన్నాడు. సీసాల్లో లోపం లేదు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని ఊరుకుందును. కానీ నువ్వు రుచి గురించి రాయలేదు. "అలవాటు పడ్డావు" అని రాశావు.

మూడేళ్ల కింద మా పెళ్లిరోజుకి భోజనానికి వచ్చావు. ఆ షిరాజే పోశాను. గుర్తుందా? నువ్వు గ్లాసు పట్టుకుని మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లావు. గ్లాసు సింకులో ఒంపి, చప్పుడు కాకుండా కుళాయి తిప్పి, రంగు పోయేదాకా కడిగావు. నేను తలుపు దగ్గర మాంసం పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి "చాలా బాగుంది వదినా" అన్నావు.

బాగాలేదంటే నేనేం ఉరేసుకోను. రోజుకి పదిమంది బాగాలేదంటారు. వాళ్లు నా మొహం మీద అంటారు. అది తేడా.

నీ పరీక్ష బాగా జరగాలని కోరుకుంటున్నాను. అది మాత్రం మనస్ఫూర్తిగా.

వదిన


హోటల్, వంటగది వెనక మెట్లు
మార్చి 10

వదినా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. నాలుగుసార్లు చదివాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నువ్వు చూశావని తెలియదు. చూడలేదు కాబట్టి తప్పు కాదని మూడేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నా వ్యవహారం. నన్ను క్షమించు. ఆ రోజు నాకు నల్లకోటు వాళ్ల పక్కన నిలబడటం కొత్త. వాళ్ల మాటలే నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. కింది అర వైన్ నచ్చితే నేనూ కింది అర మనిషినే అయిపోతానని భయం.

ఇంకోటి కూడా దాచాను. ఇది నా మొదటి పరీక్ష కాదు. కిందటేడాది జ్వరమొచ్చి వెళ్లలేదని చెప్పాను. వెళ్లాను. అంతకు ముందేడు పని ఒత్తిడన్నాను. అప్పుడూ వెళ్లాను. రెండుసార్లూ తప్పాను. రెండుసార్లూ నీ ఆస్ట్రేలియా వైన్ల దగ్గరే తప్పాను. ఈ గదిలో అవే జాతి సీసాలు కొని సాధన చేశాను. వాటి మొహం తెలుసనుకున్నాను. తీరా పరీక్షలో ఎదురైతే గుర్తుపట్టలేదు, వేరే దేశం పేర్లు రాసి వచ్చాను. అందని ద్రాక్ష పుల్లనన్నారు. నేను మాత్రం తియ్యగా ఉందని తిట్టాను.

మూడుసార్లకు మించి రాయనివ్వరు. ఇదే ఆఖరిది. ఇది పోతే ఈ జన్మకి ట్రేనే. అన్నయ్యకి కూడా ఈ సంగతి తెలియదు.

సీసాలు పంపకపోయినా పరవాలేదు. నువ్వు మళ్లీ "ముక్కు మహారాణీ" అని పిలిస్తే చాలు.

నీ మరదలు


సీసాల కొట్టు, నేలమాళిగ
మార్చి 29

ఒసేయ్ ముక్కు మహారాణీ,

ఏడ్చావా? ఏడిస్తే ఏడ్చావులే, ముక్కు మాత్రం గట్టిగా చీదకు, పరీక్షకి అదే పెట్టుబడి.

రెండుసార్లు తప్పి, ఆ బరువంతా ఒక్కదానివే మోసుకు తిరిగావా? మేమెందుకున్నాం, పండక్కి బట్టలు పెట్టడానికా? నీ మీద కోపం ఆ ఉత్తరం రాస్తుండగానే సగం దిగింది. మిగతా సగం నీ ఉత్తరం చదివాక దిగింది.

ఇప్పుడు అసలు కబురు. మొన్న మీ అన్నయ్య చేత మళ్లీ అవే మూడు సీసాలు పంపాను కదా. తిరిగొచ్చి ఏం చెప్పాడో విను. "నీ మరదలు గదిలో పది నిమిషాలు కూర్చున్నా. చొక్కా పిండితే బకెట్ నిండేది. కింద లాండ్రీ, ఇస్త్రీ యంత్రాలు పగలంతా బుసకొడుతుంటాయి. నేలమీద చెప్పుల్లేకుండా నడవలేం. అది మాత్రం అలవాటైపోయి స్వెట్టర్ ఏసుక్కూచుంది." ఆ మాట అని సబ్బు తీసుకుని స్నానానికి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి ఒకదాన్ని బాగాలేదన్నాడు, అది కూడా గదిని.

నేను ఆ సబ్బు వాసనలో నిలబడి ఆలోచించాను. కిటికీ గట్టు, రెండు గంటలు, గది వేడి. మా సీసాలు ఉండేది ఈ నేలమాళిగలో. ఇక్కడ కూర్చుని రాయాలంటే నాకు శాలువా కావాలి. వచ్చిన ప్రతివాళ్లకీ ఇక్కణ్ణుంచి తెచ్చిందే పోస్తాను. నువ్వేమో వాటిని పొయ్యి మీద పెట్టినంత పని చేసి తాగుతున్నావు! వెచ్చబడితే ఏ ఎర్ర వైనైనా సారా వాసన ఎగదన్నుతుంది, పండు మెత్తబడి పాకమైపోతుంది. పళ్ల రుచి ముందుకొచ్చే వాటికి అది మరీ ఎక్కువ. ఆడలేక మద్దెల ఓడన్నది సామెత. ఇక్కడ మద్దెల తడిసింది, నువ్వు నీ చేతుల్ని తిట్టుకుంటున్నావు.

గది వేడి అని పుస్తకం రాసినాయన రాతిగోడల మధ్య చలికి వణుకుతూ రాసి ఉంటాడు. ఆయనకి నీ లాండ్రీ సంగతి ఏం తెలుసు? బకెట్లో చల్లటి నీళ్లు పట్టు. సీసా మెడదాకా ముంచు. ఇరవై నిమిషాలు. అప్పుడు తాగి రాయి.

నీ వదిన


హోటల్ సిబ్బంది గదులు
ఏప్రిల్ 4

వదినా వదినా వదినా,

మొదట ఒప్పుకోలేదని చెప్పాలి. ఎర్ర వైన్ని నీళ్లలో ముంచడమా, పెద్దాయన చూస్తే ఉద్యోగం ఊడుతుంది అనుకున్నాను. ఒకరోజంతా బకెట్ వంక చూస్తూ తిరిగాను. రెండోరోజు మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, దొంగసొత్తు దాస్తున్నట్టు మూడూ ముంచాను.

గ్రెనాష్ ముందు తీశాను. పోశాను. ముక్కు దగ్గర పెట్టుకోగానే నీ లెక్కల పంతులమ్మ పరుగెత్తుకొచ్చింది! స్ట్రాబెర్రీలే. చేతినిండా స్ట్రాబెర్రీలు, వెనక సన్నగా తెల్ల మిరియం. మంట లేదు. నేను నిలబడి తాగుతున్నదాన్ని మంచం మీద కూలబడ్డాను. కేబర్నే తీశాను. ముదురు ద్రాక్ష, నల్లపళ్లు, వాటి వెనక నుంచి నీలగిరి తైలం. నర్సుకి జలుబు లేదు వదినా, ఆవిడ కాళ్లకు దండం పెట్టాలి. నీ షిరాజ్ చివర్న తీశాను. నేరేడు, మిరియం, చాక్లెట్. నాలుక నీలంగా మారినంత పని అయింది.

రెండేళ్లు వీటిని వేడి మొహంతోనే చూశాను. పరీక్ష హాల్లో చల్లటి మొహంతో వచ్చి ఎదురుగా నిలబడితే ఎలా గుర్తుపడతాను? నా నాలుకలో లోపం లేదు.  రెండేళ్లుగా నాకు రుచే లేదేమో, నేనీ పనికి పుట్టలేదేమో అని కుమిలిపోయాను. పుట్టాను వదినా! ఈ పనికే పుట్టాను!

ఒక్క సంగతి మాత్రం మారలేదు, చెప్పకుండా దాచే రోజులు పోయాయి కాబట్టి మొహం మీదే చెబుతున్నాను. నీ షిరాజ్ మంచిది, కానీ నాకు ఇష్టం లేదు. పహిల్వాన్ వచ్చి వాటేసుకున్నట్టుంది. గ్రెనాష్‌కి మాత్రం పడిపోయాను.

నీ మరదలు


సీసాల కొట్టు, వెనక గది
ఏప్రిల్ 20

మహారాణీ,

తా వలచింది రంభ, తా మునిగింది గంగ. గ్రెనాష్‌కి పడిపోయావా? అది సాయంకాలం కబుర్లకి పనికొచ్చే పిల్ల, సంసారానికి పనికొచ్చేది షిరాజే. మీ అన్నయ్యని అడిగాను. రెండూ బాగున్నాయట.

నీకిష్టం లేదన్నావు చూడు, అది చదివి నాకెంత హాయిగా ఉందో! ఇష్టం లేనిదాన్ని కూడా గుర్తుపట్టడమే కదా నీ పరీక్ష. నాకు తెలియని వైన్లు తిట్టడం నాకూ వచ్చు.

ఈ పెట్టెలో పన్నెండు చిన్న సీసాలున్నాయి. అన్నిటికీ మీ అన్నయ్య పాత మేజోళ్లు తొడిగాను, ఉతికినవే, భయపడకు. మేజోడు లోపల అట్ట ఉంటుంది, ముందు రాసి తర్వాత విప్పు. ఈసారి కార్డులు కట్టలేదు. నువ్వే రాసి పంపు. పుస్తకం మాటలు వద్దు. నీ కౌంటరు ముందు రోజంతా నిలబడి కాళ్లు పీక్కుపోతున్న మనిషి ఉన్నాడనుకో. ఇవాళ్టికి ఒక్క సీసా కొనుక్కోగలడు. అతనికి ఒక్క వాక్యంలో చెప్పు. "నిర్మాణం" అంటే ఆ మనిషి తాపీమేస్త్రీ కోసం వెతుక్కుంటాడు.

నీ వదిన


హోటల్ సిబ్బంది గదులు
మే 24

వదినా,

ఫోన్ చేయలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. ఇది నీకు కాగితం మీదే చెప్పాలి. నువ్వు మడిచి దాచుకోవాలి.

పరీక్ష పధ్నాలుగో తేదీన. పందొమ్మిది మందిమి. మా హాలుకి కిటికీలు లేవు. వెళ్లేసరికి చల్లగాలి యంత్రం ఆగిపోయి ఉంది. బాగుచేసేవాడు వస్తున్నాడన్నారు, రాలేదు. గ్లాసులు గంట ముందే పోసి, దీపాల కింద వరసగా పెట్టారట. నా పక్కనున్నతను పెద్ద హోటల్లో పనివాడు, చొక్కా కాలరు తడిసిపోయింది. గ్లాసు పట్టుకుంటే చేతికి వెచ్చగా తగిలింది.  నువ్వు చల్లగా నేర్పిందంతా గంగలో కలిసిందనుకున్నాను.

ఒకటి, రెండు, మూడు ఎలాగో రాశాను. అవి నాకిష్టమైన చలిప్రాంతాలవి, చిన్నప్పటి స్నేహితులు, చీకట్లోనూ గుర్తుపడతాను. నాలుగు దగ్గర ఆగాను. తర్వాత ఐదు. తర్వాత ఆరు. ముదురు పాకం, సారా మంట. చుట్టూ అందరూ గ్లాసులు తిప్పుతున్నారు, మొహాలు చిట్లిస్తున్నారు, కొట్టేసి మళ్లీ రాస్తున్నారు. వాళ్లందరూ చల్లటి గదుల్లో పద్ధతిగా నేర్చుకున్నవాళ్లు. వీటిని ఈ అవతారంలో ఎప్పుడూ చూడలేదు.

నేను చూశాను వదినా! రెండేళ్లు ఆ లాండ్రీ పైన కూర్చుని చూసింది ఆ మొహమే కదా! నువ్వు నేర్పిన మొహం కూడా తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. పాకం కింద ఎక్కడో నీలగిరి తైలం, నాలుగు కేబర్నే. రంగు పల్చన, మంట ఎక్కువ, అడుగున స్ట్రాబెర్రీ, ఐదు నా గ్రెనాష్. ఆరు నీ పహిల్వాన్, చెమటలు కక్కుతున్నా మిరియం మాత్రం వదల్లేదు. మూడూ ఆస్ట్రేలియా, మూడూ చవక. కలం ఆగకుండా రాశాను.

అతిథికి ఏమని చెప్పి పోస్తావన్న చోట ఆరో గ్లాసుకి ఇలా రాశాను: "లోపం వైన్‌లో లేదు, ఈ గదిలో ఉంది. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లలో పెట్టి తెస్తాను, అంతవరకు రొట్టె తింటూ ఉండండి. ఇది రోజంతా కష్టపడ్డవాళ్ల వైన్. నాకు ఇష్టం లేదు, మీకు తప్పకుండా నచ్చుతుంది."

నిన్న పిలిచారు. ముగ్గురు పరీక్షాధికారులు. నడుమ కూర్చున్నావిడ నా కాగితం పట్టుకుని, "ఆఖరి మూడు గ్లాసులూ సరిగ్గా చెప్పింది మీరొక్కరే. కొందరు పాడైన వైన్ అని రాశారు. మీకిలా ఎవరు నేర్పారు?" అని అడిగింది. "మా వదిన. సీసాల కొట్టులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు. పక్కాయన వైపు తిరిగి, "చూశారా, నేను చెబుతూనే ఉన్నాను" అంది. ఏం చెబుతూ ఉందో నాకు తెలియదు. కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చింది.

నెగ్గాను. పందొమ్మిది మందిలో మొదటి స్థానం. కోటు నాది!

పెద్దాయన చెయ్యి కలిపి, "జామ్ సీసాలతో నెగ్గావటగా" అన్నాడు. "మీ గది ఎంత వేడండీ?" అని అడిగాను.  సాయంత్రం వంటగదిలోకి వచ్చి బకెట్ ఎక్కడుంటుందని అడిగాడట, కుర్రవంటవాడు చెప్పాడు.

నీ మరదలు


సీసాల కొట్టు, మధ్యాహ్నం, తలుపులు బార్లా తెరిచి
మే 30

నా బంగారూ,

నీ ఉత్తరం కౌంటరు దగ్గర నిలబడి విప్పాను. "నెగ్గాను" దాకా వచ్చి గట్టిగా కేక పెట్టాను. యజమాని దొంగలు పడ్డారనుకుని నేలమాళిగలోంచి చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయనకి చదివి వినిపించాను. బేకరీ ఆయనకి వినిపించాను. బస్సాగితే డ్రైవరుకి వినిపించాను, బస్సులో ఉన్నవాళ్లు దిగి వచ్చి విన్నారు. "చెమటలు కక్కుతున్నా" అన్న చోట అందరూ చప్పట్లు కొట్టారు.

యజమాని తనంతట తనే కింది అర సీసాలు డజను తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై రెండేళ్లలో ఆయన చేత్తో ఒక బిరడా ఉచితంగా ఊడటం నేను చూడటం ఇదే మొదటిసారి. బకెట్లు బేకరీ నుంచి వచ్చాయి. వచ్చినవాళ్లకి వచ్చినట్టు పోశాం. గ్రెనాష్ పక్షం, షిరాజ్ పక్షం అని రెండు జట్లయ్యారు. నర్సు ఒక్కత్తే కేబర్నే జెండా పట్టుకుంది, దిగలేదు. మీ అన్నయ్య పనిలోంచి వచ్చి, సంగతి విని, నడివీధిలో నిలబడి ఏడ్చేశాడు. ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. తాగి, "ఇది చాలా బాగుంది" అన్నాడు. "చాలా" అన్నాడే! పాతికేళ్ల కాపురంలో ఆ మాట నేను వినలేదు.

అందరూ వెళ్లాక కౌంటరు తుడుస్తూ ఒకటి అనుకున్నాను. నీతో చెప్పకపోతే ఇంకెవరితో చెబుతాను. పెరటి చెట్టు మందుకు పనికిరాదని నేనే నా గురించి అనుకుంటూ వచ్చాను. నాకు తెలిసింది విద్య కాదు, కొట్టు కబుర్లనుకున్నాను. ఆ మూడు గ్లాసులూ నా ముందు పెట్టి ఉంటే చెప్పగలిగేదాన్నే కదా? నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడిగుంటే నేనూ నెగ్గేదాన్నని ఇవాళ యాభై రెండో ఏట తెలిసింది. దిగులుగా కాదు, గర్వంగానే రాస్తున్నాను.

నీ వదిన


హోటల్, వైన్ విభాగం, నా బల్ల
జూన్ 6

వదినా,

ఎవరూ అడగలేదన్నావు. ఇదిగో, నేను అడుగుతున్నాను.

అదే రుచి పరీక్షకి దరఖాస్తు జతచేశాను. వయసు పరిమితి లేదు, అడ్డంగా నిలువుగా చదివాను. ఫలానా చోట చదివి ఉండాలన్న నియమం లేదు. పదేళ్లు ఈ పనిలో ఉండాలన్నారు, నీకు ఇరవై రెండు. సిఫారసు చేసేవారి సంతకం నాది, నల్లకోటు తొడుక్కుని పెట్టాను. అన్నీ నింపాను, నీ సంతకం ఒక్కటే ఖాళీ.

నీ ఆడపడుచు, అర్ధమొగుడి హోదాలో ఆజ్ఞ


సీసాల కొట్టు
జూన్ 12

మహారాణీ,

మూడు రోజులు ఆ కాగితాన్ని గల్లాపెట్టె కింద దాచాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని యజమానితో అన్నాను. "నువ్వెప్పుడు వంగావమ్మా, నేనే కదా ఇన్నేళ్లూ వంగింది" అని కలం నా చేతిలో పెట్టాడు.

సంతకం పెట్టాను. సాక్షి సంతకం మీ అన్నయ్య పెట్టాడు. అక్షరాలు వణికినవి ఆయనవి, నావి కాదు.

నువ్వు ప్రాణం పెట్టే ఆ చలిప్రాంతపు పుల్లమొహాలు ఒక అరడజను వెంటనే పంపు. ఒకదానికీ ఇంకోదానికీ తేడా నాకు బొత్తిగా తెలియదు. నచ్చుతాయన్న ఆశ కూడా లేదు. నచ్చకపోయినా ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాను, చూస్తూ ఉండు.

నీ వదిన, పరీక్షార్థి